విశాఖపట్టణమున యోగ్యతాపత్రములు: తుల్యతా విచారము

ఒక ప్రాంతమున సంపాదించిన యోగ్యతాపత్రమునకు వేరొక ప్రాంతమున నెంత విలువ కట్టవలెను? ఈ ప్రశ్న తెలుగువారికి 1956కు ముందే యెదురైనది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనాభాషగా గైకొనెను. 1926లో ఏర్పడి, 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధన ఆంగ్లమున సాగెను. పట్టాల పేర్లు ఒక్కటే, చదివిన భాష వేరు. పట్టాల పరస్పర గుర్తింపునకు తోడ్పడిన ఇంటర్ యూనివర్సిటీ బోర్డు 1925లోనే పుట్టినది. అట్టి మండలి పేరునకు పేరు సరిచూడగలదు గాని, చదువునకు చదువు తూచుట దానికిని దుష్కరమే.

విశాఖలో నీ చిక్కు మరింత ముదిరినది. 1933లో రేవు తెరువబడినది. 1941లో నౌకానిర్మాణశాలకు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. కొలువులకై ఇరుగుపొరుగు రాష్ట్రములవారు వచ్చిరి. వారి బిడ్డలు వేర్వేరు పరీక్షా మండలుల పత్రములతో కళాశాలల వాకిట నిలిచిరి.

ఆరు సూత్రముల పథకము పిమ్మట, 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతము స్థానములను స్థానికులకు కేటాయించెను. స్థానికు డెవడు? అర్హతా పరీక్షకు కూర్చున్న సంవత్సరముతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు. ఇది ప్రధాన లక్షణము. ఈ నిర్వచనమున మాతృభాష లేదు, పాఠ్యక్రమమును లేదు. ఒడిస్సానుండి వచ్చిన కార్మికుని కుమారుడు ఉక్కునగరమున కేంద్రీయ మండలి పాఠశాలలో నాలుగేండ్లు చదివినచో స్థానికుడగును. తండ్రి రైల్వే కొలువు వెంట ఖరగపురము పోయి, అచటనే చదువు ముగించిన విశాఖ బాలుడు మిగిలిన 15 శాతములో పోటీపడవలెను. ప్రాంతముల నడుమ అసమానత తగ్గించుటయే యుత్తర్వు ఉద్దేశము గనుక దానిని మేము తప్పుపట్టము. కాని యోగ్యతను తూచు పని దాని వలన జరుగలేదు. అది 1980ల నుండి ఎంసెట్ వంటి ఉమ్మడి పరీక్షలపై బడినది.

మార్కులను మార్కులతో సరితూచు సాహసము 2013లో జరిగినది. జాతీయ సాంకేతిక విద్యాసంస్థల ప్రవేశమునకు ఉమ్మడి పరీక్షకు 60 పాళ్లు, పండ్రెండవ తరగతి మార్కులకు 40 పాళ్లు విలువ నిచ్చిరి. మార్కులను ఉన్నవున్నట్లు గొనక, తన మండలిలో విద్యార్థి ఎందరిని మించెనో చూచిరి. (తెలుగు శాఖవారికి లెక్కలతో పనియేమని చదువరులు నవ్వవచ్చును!) ధారాళముగా మార్కులు పోయు మండలిలో 95 తెచ్చుకొన్నవాడు నూటికి ఎనుబదిమందినే మించవచ్చును, పిసినారి మండలిలో 80 వచ్చినవాడు తొంబదిమందిని మించవచ్చును. అపుడు రెండవవానిదే పైచేయి. యుక్తి బాగుగనే యున్నది. అయితే అన్ని మండలుల విద్యార్థి సమూహములును సమానశక్తి కలవియని ఇందు ముందే యొప్పుకొనవలసియున్నది. ఆ యూహకు ఋజువేది? మా దృష్టిలో నీ పద్ధతికి మూలబలహీనత యిదియే.

2017 ప్రవేశముల నుండి ఆ 40 పాళ్లు తొలగినవి. పండ్రెండవ తరగతి ఫలితము అర్హతకు మాత్రమే మిగిలినది: సామాన్య వర్గమువారికి 75 శాతము మార్కులైనను ఉండవలెను, లేదా తన మండలిలో మొదటి 20 పర్సెంటైలులోనైనను నిలువవలెను. మొదటి కొలత మండలుల భేదము నెరుగదు, రెండవది ఆ భేదమునే యాధారము చేసికొన్నది. ఒకే నిబంధనలో రెండును ప్రక్కప్రక్కనే నిలిచినవి.