బైపీసీ మార్కుల విధానం

ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బైపీసీలో దీర్ఘకాలం వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వేర్వేరు పేపర్లుగా ఉండేవి. ఏడాదికి ఒక్కోటి 60 మార్కులు; రెండో ఏడాది ఒక్కో ప్రాక్టికల్‌కు 30. పేపరులో 'ఎ' సెక్షన్ పది అతి స్వల్ప ప్రశ్నలకు చాయిస్ ఉండేది కాదు, 20 మార్కులు. 'బి'లో ఎనిమిదింటిలో ఆరు రాస్తే 24, 'సి'లో మూడింటిలో రెండు రాస్తే 16. పాస్‌కు 35 శాతం, అంటే 21 కావాల్సి ఉండేది.

మొదటి ఏడాది పాఠాల్లో సొలనేసి కుటుంబం ఉండేది. గుంటూరు మిరప, ప్రకాశం పొగాకు రెండూ ఆ కుటుంబానివే. ఇక్కడి రైతుబిడ్డకు ఆ పువ్వు చేలోనే తెలుసు. అయినా మార్కులు పడేది భాగాలు గుర్తించిన బొమ్మకే. పత్తి కుటుంబం మాల్వేసి మాత్రం వివరంగా చదవాల్సిన మూడు కుటుంబాల్లో ఉండేది కాదు, విచిత్రమే.

2025-26 నుంచి మొదటి ఏడాదిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిసి 85 మార్కుల జీవశాస్త్రమయ్యాయి.

బాపట్ల వ్యవసాయ కళాశాల (1945) వంటి చోట్ల సీటుకు దారి ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష. అందులో 160 ప్రశ్నల్లో 80 జీవశాస్త్రానివి. తప్పుకు కోత లేదు. వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో మాత్రం ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత.