చెవి లోపలి పటం: స్కానింగ్ నుంచి త్రిమితీయ నమూనా వరకు

మానవ శరీరంలోని అతి చిన్న ఎముక చెవిలో ఉంది. స్టేపిస్ అని పిలిచే ఈ ఎముక గుర్రపు జీనుకు వేలాడే రికాబును పోలి ఉంటుంది. దాని ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు, బరువు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. దానిని ఆనుకునే, ముఖ కండరాలను కదిలించే ముఖనాడి ఒక సన్నని ఎముక గొట్టం గుండా సాగుతుంది. చెవికి శస్త్రచికిత్స చేసే వైద్యుడు ఇంత ఇరుకైన చోట డ్రిల్లుతో పని చేయవలసి ఉంటుంది. నాడికి గాయమైతే రోగి ముఖంలో ఒకవైపు చలనం కోల్పోయే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే చెవి లోపలి నిర్మాణాన్ని ముందుగా సూక్ష్మంగా చిత్రీకరించి, త్రిమితీయ నమూనాగా రూపొందించే విధానం వైద్యరంగంలో ప్రాధాన్యం పొందింది.

రాతి వంటి ఎముకలో దాగిన అవయవం

బయటకు కనిపించే చెవి డొప్ప ధ్వనిని లోపలికి చేరవేసే భాగం మాత్రమే. కర్ణభేరికి ఆవల మధ్య చెవిలో మాలియస్, ఇంకస్, స్టేపిస్ అనే మూడు ఎముకలు గొలుసుగా అమరి ఉంటాయి. వాటికి లోపల నత్తగుల్లలా సుమారు రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తం, శరీర సమతుల్యతను కాపాడే మూడు అర్ధవర్తుల కుల్యలు ఉన్నాయి. ఇవన్నీ కణత ఎముకలోని అత్యంత గట్టి భాగంలో ఇమిడి ఉన్నాయి. శరీరంలోని ఎముకలన్నింటిలో అధిక సాంద్రత గల భాగాల్లో ఇది ఒకటి.

ధ్వని కర్ణావర్తంలో అలగా ప్రయాణిస్తుందని, హెచ్చు స్వరాలు మొదటి చుట్టులోను, తగ్గు స్వరాలు కొనవైపు గుర్తింపు పొందుతాయని శాస్త్రవేత్త గియోర్గ్ వాన్ బెకెసీ నిరూపించారు. మృతదేహాల నుంచి సేకరించిన చెవులపై జరిపిన ఈ పరిశోధనకు ఆయనకు 1961లో నోబెల్ బహుమతి లభించింది. వినికిడి శాస్త్రంలో చెవి ఆకృతికీ, దాని పనితీరుకూ విడదీయరాని సంబంధం ఉందని ఆ పరిశోధన తేటతెల్లం చేసింది.

ఏ స్కాన్ ఏమి చూపుతుంది

చెవి చిత్రీకరణకు ప్రధానంగా వాడేది హెచ్‌ఆర్‌సీటీ, అంటే అధిక స్పష్టత గల సీటీ స్కాన్. ఢిల్లీని ఆనుకుని గాజియాబాద్ జిల్లాలో ఉన్న వైశాలి వంటి శివారు ప్రాంతాల వారికీ, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల వారికీ ఇది అందుబాటులో ఉన్న పరీక్షే. ఇందులో కణత ఎముకను సుమారు అర మిల్లీమీటరు మందం గల పొరలుగా చిత్రిస్తారు. ఎముకల అమరిక, ముఖనాడి మార్గం, పుట్టుకతో వచ్చిన నిర్మాణ లోపాలు ఇందులో తెలుస్తాయి. కోన్ బీమ్ సీటీ అనే మరో విధానం ఇంతకంటే సూక్ష్మమైన వివరాలను ఇవ్వగలదు.

అయితే సీటీలో ఎముక కనిపించినంత స్పష్టంగా నాడులు కనిపించవు. మెదడుకు శబ్ద సంకేతాలను చేర్చే శ్రవణ నాడి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఎంఆర్ఐ అవసరం. కర్ణావర్తంలోని ద్రవం కూడా అందులోనే తెలుస్తుంది. ఆ నాడి లేని పక్షంలో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినా ఆశించిన ఫలితం ఉండదు. కాబట్టి ఈ రెండు పరీక్షలూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు.

దానం చేసిన ఎముకలే ఆధారం

కర్ణావర్తం లోపలి పలుచని పొరలను సాధారణ సీటీ చూపలేదు. వాటిని చూడాలంటే మైక్రో సీటీ కావాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతైన మైక్రాన్ల స్థాయి వివరాలను అది అందిస్తుంది. కానీ ఆ యంత్రంలో ఇమిడేది చిన్న నమూనా మాత్రమే. పైగా దానికి కావలసిన ఎక్స్‌రే మోతాదు జీవించి ఉన్న మనిషికి ఇవ్వదగినది కాదు. అందువల్ల శరీరదానం ద్వారా లభించిన కణత ఎముకలనే ఇందుకు వినియోగిస్తారు.

ఇక్కడే ఈ విజ్ఞానం కీలకమైన మలుపు తీసుకుంది. అనేక ఎముకల సూక్ష్మ చిత్రాల నుంచి కర్ణావర్తం సగటు ఆకృతినీ, వ్యక్తుల మధ్య ఉండే తేడాలనూ గణితపరంగా లెక్కిస్తారు. ఆ నమూనాను రోగి సాధారణ సీటీ చిత్రానికి సరిపోల్చి, స్కాన్‌లో కనిపించని పొరలు ఎక్కడ ఉండవచ్చో అంచనా వేస్తారు. మరణించిన వారి దానం జీవించి ఉన్న వారి చికిత్సకు ఈ విధంగా దారి చూపుతోంది.

ఇటువంటి సమాచారాన్ని కొన్ని పరిశోధక బృందాలు అందరికీ అందుబాటులో ఉంచాయి. 2019లో వెలువడిన ఓపెన్‌ఇయర్ సంకలనంలో ఎనిమిది కణత ఎముకల త్రిమితీయ నమూనాలు ఉన్నాయి. కోన్ బీమ్ సీటీ చిత్రాలను, ఎముకను అతి పలుచని పొరలుగా తొలగిస్తూ తీసిన రంగు ఛాయాచిత్రాలతో జోడించి వాటిని రూపొందించారు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో తయారైన విజిబుల్ ఇయర్ సిమ్యులేటర్ వైద్యులు కంప్యూటర్‌పైనే ఎముక తొలిచే సాధన చేసేందుకు తోడ్పడుతుంది. శిక్షణ కోసం త్రీడీ ప్రింటర్‌తో ముద్రించిన ఎముకలను కూడా వాడుతున్నారు. అవి అసలు ఎముక స్పర్శను పూర్తిగా ఇవ్వలేకపోయినా, తొలి దశ సాధనకు ఉపకరిస్తాయి.

నత్తగుల్ల నుంచి కంప్యూటర్ నమూనాకు

బహుళ ఎలక్ట్రోడ్ల కాక్లియర్ ఇంప్లాంట్ రూపకర్తల్లో ఒకరైన ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్‌కు ఎలక్ట్రోడ్ తీగను వంపుల్లోకి ఎలా పంపాలన్నది సమస్యగా నిలిచింది. 1977లో సముద్రతీరాన దొరికిన ఒక గుల్లలోకి గడ్డిపోచను పంపి చూసినప్పుడు, కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న తీగ లోతుకు వెళ్లగలదని ఆయన గ్రహించారు. మరుసటి ఏడాది తొలి శస్త్రచికిత్స జరిగింది. నాడు గుల్ల చేసిన పనిని నేడు రోగి సొంత స్కాన్ నుంచి తయారైన నమూనా చేస్తోంది. కర్ణావర్తం పొడవు అందరిలో ఒకేలా ఉండదు. వ్యక్తికీ వ్యక్తికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. ఆ కొలత ముందే తెలిస్తే తగిన పొడవు గల ఎలక్ట్రోడ్‌ను ఎంచుకోవచ్చు.

పసిపిల్లల విషయంలో కాలమే కీలకం

లోపలి చెవి పుట్టుకతోనే దాదాపు పెద్దవారి పరిమాణానికి చేరుకుంటుంది. అందువల్ల పెద్దల ఎముకల నుంచి రూపొందిన కర్ణావర్తం నమూనాలు శిశువులకూ పనికివస్తాయి. కానీ చెవి వెనుక ఎముక పుట్టిన తరువాత కూడా ఎదుగుతూనే ఉంటుంది. శిశువుల్లో ముఖనాడి చర్మానికి మరింత దగ్గరగా ఉంటుంది కనుక వారి విషయంలో విడిగా చిత్రీకరణ తప్పదు.

పుట్టు చెవుడు గల పిల్లలకు ఇంప్లాంట్ ఎంత త్వరగా అమరిస్తే మాట అంత బాగా వస్తుంది. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్ సహాయం లభిస్తోంది. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ దీనికి నోడల్ సంస్థగా వ్యవహరిస్తోంది. ఆ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం కూడా ఈ శస్త్రచికిత్సకు చోటు కల్పించింది.

పాటించవలసిన జాగ్రత్తలు

సీటీలో ఎక్స్‌రే కిరణాలు ఉంటాయి. పిల్లలపై వాటి ప్రభావం ఎక్కువ కనుక అవసరమైనప్పుడు మాత్రమే, వీలైనంత తక్కువ మోతాదులో పరీక్ష జరగాలి. మునుపటి స్కాన్ సీడీని, ఫిల్మును, నివేదికను భద్రపరచుకుంటే మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అదే పరీక్షను మళ్లీ చేయించవలసిన అవసరం తరచు తప్పుతుంది. త్రిమితీయ నమూనా ఎంత స్పష్టంగా ఉన్నా అందులో కొంత అంచనాయే. దానిని సరిగా అర్థం చేసుకుని నిర్ణయం తీసుకోవలసింది చెవి, ముక్కు, గొంతు నిపుణుడే.