బరోక్ యుగంలో కోరమండల్ చిత్రవస్త్రాలు

కోరమండల్ చిత్రవస్త్రాలు 17వ శతాబ్దంలో మచిలీపట్నం, నిజాంపట్నం మొదలుకొని పులికాట్, శాంథోమ్ దాకా తూర్పు తీరంలో తయారైన నూలు బట్టలు. వీటి మీద కలంతో బొమ్మలు గీసి, మొక్కల నుంచి తీసిన రంగులు పట్టించేవారు. నేటి కలంకారీకి ఇవి పూర్వరూపం. నెల్లూరు ప్రాంతంలోని మైపాడు, కృష్ణపట్నం, దుగరాజపట్నం తీరం ఈ రేవుల నడుమనే ఉంది. యూరప్‌లో ఇది బరోక్ చిత్రకళ వెలిగిన కాలం. ఫ్లాండర్స్‌లో రూబెన్స్, వాన్ డైక్, స్పెయిన్‌లో వెలాస్కెజ్, సుర్బరాన్, మురీయో బొమ్మలు వేస్తున్న రోజుల్లోనే ఈ తీరాన చిత్రకారులు గజాల కొద్దీ గుడ్డ మీద రాజసభలనూ వేటలనూ విదేశీయులనూ గీస్తున్నారు. ఈ రెండు చిత్రకళల చరిత్రలోనూ ఒకే రాజవంశం, ఒకే యుద్ధం, ఒకే గనుల వెండి కనిపిస్తాయి.

స్పెయిన్, ఫ్లాండర్స్ నేపథ్యం

16వ శతాబ్దం మధ్యనాటికి నెదర్లాండ్స్ మొత్తం స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉంది. 1566లో అక్కడి ప్రొటెస్టెంట్లు చర్చిల్లోకి చొరబడి విగ్రహాలను పగలగొట్టారు, చిత్రాలను చించేశారు. 1568లో మొదలైన తిరుగుబాటు ఎనభై ఏళ్లు సాగింది. ఉత్తరాది విడిపోయి డచ్చి రిపబ్లిక్ అయింది. దక్షిణాదిన ఉన్న ఫ్లాండర్స్ కాథలిక్ మతంలో, స్పెయిన్ కింద మిగిలిపోయింది. ఫ్లాండర్స్ చిత్రకళకు గుండెకాయ లాంటి ఆంట్వెర్ప్ నగరం 1585లో స్పెయిన్ సేనలకు లొంగింది.

పవిత్ర చిత్రాలు చదువురాని భక్తులకు కూడా మతాన్ని బోధించాలని, వారిలో భక్తిని రేపాలని కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ 1563లో తీర్మానించింది. బోసిపోయిన చర్చి గోడలకు కొత్త చిత్రాలు కావలసి వచ్చాయి. ఇటలీలో ఎనిమిదేళ్లు గడిపి 1608లో ఆంట్వెర్ప్ చేరిన పీటర్ పాల్ రూబెన్స్ ఆ అవసరాన్ని తీర్చాడు. 1611-14 మధ్య అతడు వేసిన క్రీస్తును శిలువ నుంచి దించే చిత్రం నేటికీ ఆ నగరపు కథెడ్రల్‌లోనే ఉంది. అతడి వెంట ఆంథొనీ వాన్ డైక్, యాకబ్ యోర్డాన్స్ పేరు తెచ్చుకున్నారు. స్పెయిన్‌వాడైన రిబెరా నేపుల్స్‌లో స్థిరపడి, చిమ్మచీకటిలోంచి మనుషుల ముఖాలు పొడుచుకొచ్చేలా చిత్రించాడు. సెవిల్ నగరంలో సుర్బరాన్ సన్యాసుల తెల్లని అంగీలకు మడత మడతలో బరువు తెచ్చాడు. అదే నగరంలో పుట్టిన డియేగో వెలాస్కెజ్ 1623లో స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఆస్థాన చిత్రకారుడయ్యాడు. రాయబారిగా 1628లో మాడ్రిడ్ వచ్చిన రూబెన్స్‌తో అతడికి స్నేహం కలిసింది. డచ్చి నగరం బ్రెడా 1625లో స్పెయిన్ సేనానికి లొంగిన ఘట్టాన్ని వెలాస్కెజ్ 1634-35లో పెద్ద చిత్రంగా వేశాడు.

అదే యుద్ధం ఈ తీరాన

1580 నుంచి 1640 దాకా పోర్చుగల్ కిరీటం కూడా స్పెయిన్ రాజులదే. కాబట్టి మైలాపూరు పక్కన ఉన్న పోర్చుగీసు స్థావరం శాంథోమ్ ఆ కాలంలో వెలాస్కెజ్ చిత్రించిన నాలుగో ఫిలిప్‌కు, అంతకుముందు అతడి తాతతండ్రులకు చెందింది. వారి శత్రువులైన డచ్చివారు 1606లో నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో దిగారు. నిజాంపట్నాన్ని అప్పట్లో పెటపోలి అనేవారు. 1610లో డచ్చివారు పులికాట్‌లో వర్తకశాల పెట్టారు. 1609లో యూరప్‌లో పన్నెండేళ్ల సంధి కుదిరినా ఇక్కడ పోరు ఆగలేదు. 1612లో శాంథోమ్ పోర్చుగీసులు పులికాట్ వర్తకశాల మీద పడ్డారు. మరుసటి ఏడాదే డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోటను నిలబెట్టారు. స్పెయిన్‌తో డచ్చివారి యుద్ధం 1648లో మున్‌స్టర్ ఒడంబడికతో ముగిసింది.

ఇంగ్లీషువారు 1611లో పెటపోలి, మచిలీపట్నం వచ్చారు. 1626లో దుగరాజపట్నంలో వర్తకశాల కట్టుకుని ఆ చోటును ఆర్మగాన్ అని పిలిచారు. ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో స్థానిక పాలకులైన దామెర్ల నాయకుల నుంచి మద్రాసు భూమి సంపాదించాడు. శాంథోమ్ చుట్టుపక్కల మేలైన చిత్రవస్త్రాలు దొరుకుతాయన్నది ఆ ఎంపికకు ముఖ్య కారణాల్లో ఒకటి. అలా నెల్లూరు తీరంలోని ఒక చిన్న కోట నుంచి మద్రాసు నగరానికి బాట పడింది. ఆ బాట వేసిన సరుకుల్లో బొమ్మల గుడ్డ ఒకటి.

వీరంతా ఈ గుడ్డల కోసం ఇంత పోటీ పడటానికి వేరే లెక్క ఉంది. ఆగ్నేయాసియా దీవుల్లో లవంగాలకూ జాజికాయలకూ మారుబేరంగా కోరమండల్ వస్త్రాలనే కోరేవారు. ఆ వస్త్రాలు కొనడానికి యూరప్ సరుకు ఇక్కడ చెల్లలేదు, బంగారమో వెండో ఇవ్వాల్సి వచ్చేది. స్పెయిన్ అమెరికా గనుల్లో తవ్విన వెండి సెవిల్ రేవుకు చేరి, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్, లండన్ మీదుగా రియాల్ నాణేలుగా ఈ తీరానికి వచ్చింది. సెవిల్ మఠాలు సుర్బరాన్‌తో, మురీయోతో చిత్రాలు వేయించిన సంపద వెనకా, ఇక్కడి చిత్రకారుడికి ముట్టిన బయానా వెనకా ఉన్నది ఆ గనుల వెండే.

తయారీ విధానం

మచిలీపట్నంలో 1618 నుంచి 1622 దాకా ఇంగ్లీషు వర్తకుల పెద్దగా ఉన్న విలియం మెథ్వోల్డ్ రాసిన గోల్కొండ రాజ్య వర్ణన 1626లో అచ్చయింది. ఎన్నిసార్లు ఉతికినా ఇక్కడి గుడ్డ చిరిగేదాకా రంగు పోదని అతడు మెచ్చుకున్నాడు. తయారీని వివరంగా నమోదు చేసినవాడు ఫ్రెంచి జెస్యూట్ మతగురువు కూర్దూ. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన ఈయన, చిత్రకారులను అడిగి తెలుసుకున్న పద్ధతిని 1742లో లేఖగా రాశాడు.

ముందు బట్టను చలువ చేసి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. సన్న రంధ్రాలు పొడిచిన కాగితాన్ని పరచి, బొగ్గుపొడి తట్టి బొమ్మ జాడ దించుకుంటారు. కలం వెదురు పుల్ల. దాని మొనకు కాస్త పైన ఉన్ని గానీ వెంట్రుకలు గానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను వేళ్లతో నొక్కే కొద్దీ ద్రవం మొనకు దిగుతుంది, గీత సన్నమో లావో ఆ నొక్కుడే తేలుస్తుంది. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీరు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆ పూతకు సొంత రంగు దాదాపు లేదు. చిరివేరు అనే మొక్క వేరు వేసి ఉడికించినప్పుడే పటిక తగిలిన మేర ఎర్రబారుతుంది, తగలని చోట అంటిన వన్నె ఉతుకులకు, పేడనీళ్లకు, ఎండకు పోతుంది. అంటే తాను వేస్తున్న ఎరుపును వేసేటప్పుడు చిత్రకారుడు చూడలేడు. మనసులో చూసుకుంటూ వేయాల్సిందే.

నీలానికి పద్ధతి వేరు. నీలిమందు తొట్టిలో గుడ్డంతా మునగాలి. కాబట్టి నీలం అక్కర్లేని భాగమంతా కరిగిన మైనంతో కప్పేవారు. తరవాత వేణ్నీళ్లలో మైనం కరిగించి తీసేవారు. పసుపు రంగు చివర్న. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. పసుపు నిలవని రంగు కావడంతో మ్యూజియంలలోని పాత గుడ్డల్లో ఆకులు చాలాచోట్ల నీలంగా కనిపిస్తాయి. ఆనాడు అవి పచ్చనివే.

చిరివేరు తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. గవ్వలు, నత్తగుల్లల సున్నం కలిసిన నేలలో పెరిగిన వేరు మంచి ఎరుపునిస్తుంది. పెటపోలి వేరు ఆ రోజుల్లో ప్రసిద్ధం. పంట పొలానికి పనికిరాదనుకునే ఇసుక పర్రలే ఈ కళకు ఆధారమయ్యాయి.

బొమ్మలు, నమూనాలు

ఈ కాలపు వస్త్రాల్లో మేటి అనదగ్గది న్యూయార్క్‌లోని బ్రుక్లిన్ మ్యూజియంలో ఉంది. 17వ శతాబ్దం తొలి దశాబ్దాలకు చెందిన ఈ తెరలో ఏడు భాగాలున్నాయి, ఒక్కొక్కటి మనిషి ఎత్తును మించినది. ఒక్కో భాగంలో ఒక్కో జాతివారి కొలువు. తోరణాల కింద దక్షిణాది రాజులు, పరివారం ఒకచోట, టోపీలు పెట్టుకున్న యూరోపియన్లు మరోచోట, ఆగ్నేయాసియా వారు ఇంకోచోట కనిపిస్తారు. న్యూయార్క్‌లోనే మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న గోల్కొండ ప్రాంతపు తెర సుమారు 1640-50 నాటిది. అబ్దుల్లా కుతుబ్ షా పాలనాకాలమది. అందులో అంతస్తుల మేడలు, వాటి గదుల్లో పర్షియన్లు, భారతీయులు, యూరోపియన్లు ఇరుగుపొరుగుగా ఉంటారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఈ కోవ వస్త్రాలున్నాయి.

దేశంలోనూ వీటికి గిరాకీ మెండు. రాజస్థాన్‌లోని ఆమేరు రాజుల భాండాగారంలో గోల్కొండ రుమాళ్లు భద్రంగా ఉండేవి. మొగలు చక్రవర్తి గుడారం లోపలి గోడలకు, పూలకుండీల బొమ్మలతో ప్రత్యేకంగా వేయించిన మచిలీపట్నం గుడ్డ కట్టి ఉండేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. శతాబ్దం చివరికి యూరప్ కోసం మరో రకం ప్రాచుర్యంలోకి వచ్చింది. రాళ్ల గుట్ట మీద మొలిచి కొమ్మకో రకం పువ్వు పూసిన పెద్ద చెట్టు బొమ్మతో పలంపోర్ అనే పరుపు దుప్పట్లు ఓడలెక్కాయి.

బరోక్ చిత్రకళతో సంబంధం

ఆంట్వెర్ప్ అచ్చు బొమ్మలు ఆ కాలంలో భారతదేశం చేరాయి. ఆ నగరంలో ప్లాంటిన్ ముద్రించిన బహుభాషా బైబిల్‌ను జెస్యూట్లు 1580లో అక్బర్‌కు కానుకగా ఇచ్చారు. అందులోని బొమ్మలను మొగలు చిత్రకారులు పరిశీలించారు. కోరమండల్ చిత్రకారులకు యూరోపియన్లు రేవుల్లో కళ్లెదుటే కనిపించేవారు. వారి టోపీలు, మెడపట్టీలు, బిగుతు లాగులు గుడ్డ మీదకు వచ్చినా, గీత మాత్రం ఇక్కడిదే. పక్కకు తిరిగిన ముఖం, విశాలమైన కన్ను, ఖాళీ లేకుండా పూలతో నిండిన నేపథ్యం లేపాక్షి వంటి ఆలయాల కుడ్యచిత్రాల నుంచి, దక్కను చిత్రాల నుంచి వచ్చినవి.

తేడా పదార్థంలో ఉంది. నూనెరంగులతో చీకటివెలుగులు పొరలుపొరలుగా కట్టవచ్చు, నచ్చకపోతే మీద మరో పూత వేయవచ్చు. ప్రాడో మ్యూజియంలోని నాలుగో ఫిలిప్ నిలువెత్తు చిత్రంలో వెలాస్కెజ్ మార్చిన కాళ్ల పాత జాడ ఇప్పటికీ తెలుస్తుంది. గుడ్డ మీద అలా కప్పిపెట్టే వీలు లేదు. అందుకే ఇక్కడి చిత్రకారుడు నీడను వదిలి గీతను నమ్ముకున్నాడు.

పోలిక పనితీరులో ఉంది. రూబెన్స్ పెద్ద చిత్రశాల నడిపాడు. అతడి చిత్రాల్లో జంతువులను ఫ్రాన్స్ స్నైడర్స్, పూలను యాన్ బ్రూగల్ వేసిన సందర్భాలున్నాయి. కోరమండల్‌లోనూ గీసేవారు, మైనం పూసేవారు, రంగులో ఉడికించేవారు, ఉతికేవారు కలిస్తేనే ఒక తెర పూర్తయ్యేది. ఫ్లాండర్స్‌లో గోడలకు వేలాడే నేత తెరలు చిత్రాల కంటే ఖరీదైనవి. స్పెయిన్ తరఫున ఫ్లాండర్స్‌ను ఏలిన ఇసబెల్ క్లారా యుజీనియా కోరిక మీద మాడ్రిడ్ మఠానికి రూబెన్స్ 1625 ప్రాంతంలో అలాంటి తెరల వరుసను రూపకల్పన చేశాడు. బొమ్మల బట్టతో గోడను కప్పి కొలువుకు వైభవం తేవడం అక్కడా ఇక్కడా ఒకే అభిరుచి.

నిషేధాలు, క్షీణత

చవకగా, తేలికగా, ఉతకడానికి వీలుగా ఉన్న భారతీయ గుడ్డ యూరప్ నేతగాళ్ల పొట్ట కొట్టింది. ఫ్రాన్స్ 1686లో రంగుబొమ్మల నూలుబట్టలను నిషేధించింది, ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండ్ 1700లో ఒకసారి, 1721లో మరింత కఠినంగా చట్టాలు చేసింది. స్పెయిన్‌లో ఐదో ఫిలిప్ 1718లో ఆసియా వస్త్రాల దిగుమతిని ఆపాడు. ఆ నిషేధాల నీడలో బార్సిలోనాలో 1730ల నుంచి అచ్చుగుడ్డల పరిశ్రమ పెరిగింది.

ఇక్కడ గోల్కొండ 1687లో మొగలుల వశమైంది. డచ్చివారు తమ ప్రధాన స్థావరాన్ని 1690లో పులికాట్ నుంచి నాగపట్నం మార్చారు. 19వ శతాబ్దంలో మాంచెస్టర్ యంత్రాల అచ్చుగుడ్డ వచ్చింది. జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబెర్మన్ 1868లో ఎర్రరంగు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశాక చిరివేరు తవ్వేవారి జీవనాధారం కూడా పోయింది.

పునరుద్ధరణ

కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో 1957లో శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడి కలం పనికి పేరు తెచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. మచిలీపట్నం, పెడన ప్రాంతంలో చెక్క అచ్చులతో అద్దకం కొనసాగుతోంది. ఈ రెండు సంప్రదాయాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది.

చరిత్రలో స్థానం

రూబెన్స్, వెలాస్కెజ్‌ల పుట్టిన ఊళ్లు, గురువులు, పుచ్చుకున్న సొమ్ము దస్తావేజుల్లో ఉన్నాయి. బ్రుక్లిన్ తెర గీసినవారి పేర్లు అలా నమోదు కాలేదు. వర్తకుల లెక్కల్లో గుడ్డకు రకం, కొలత, ధర మాత్రమే రాసుకున్నారు. దాంతో ఈ పని చాలాకాలం వాణిజ్య చరిత్రలో, చేతిపనుల జాబితాలో ఉండిపోయింది. ఒక మనిషి ముఖాన్ని ఒక్క గీతలో పట్టి, కంటికి కనబడని రంగును అంచనాతో నింపి, నాలుగు శతాబ్దాలు నిలిచేలా చేసినవారు చిత్రకారులే. 17వ శతాబ్దపు ప్రపంచ చిత్రకళ చరిత్రలో ఆంట్వెర్ప్, సెవిల్‌ల పక్కన మచిలీపట్నం, పులికాట్ పేర్లు కూడా ఉండాలి. పెన్నా ముఖద్వారం నుంచి పులికాట్ సరస్సు దాకా ఉన్న నెల్లూరు తీరపు బడిపిల్లలకు తమ ఊళ్ల చరిత్రగా ఈ పాఠం చేరాలి.