గడ్డకూ గడ్డానికీ నడుమ

అబ్డేరా పట్నంలో ఫేతూసా అనే ఇల్లాలు ఉండేది. బిడ్డల తల్లి. మగణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టాక ఆవిడకు నెలసరి ఆగిపోయింది. కొంతకాలానికి కీళ్లు ఎర్రబడి నొప్పులు పట్టుకున్నాయి. ఆపైన ఒళ్లంతా వెంట్రుకలు, మొహాన గడ్డం, గొంతు గరుకు. నెలసరి తిరిగి తెప్పించాలని వైద్యులు పడని పాట్లు లేవు. ఆవిడ ఎంతోకాలం బతకలేదు. థాసోస్ దీవిలో నాన్నో అనే ఆవిడదీ ఇదే కథ. రమారమి 2400 ఏళ్ల కిందటి ఈ రెండు కేసులూ హిపోక్రటీస్ పేరిట చలామణీలో ఉన్న గ్రంథాల్లో కనిపిస్తాయి. ఇవాళ్టి డాక్టరు ఇది చదివితే ముందు అడిగేది ఒకటే: గడ్డ ఎక్కడుంది? అండాశయంలోనా, అడ్రినల్ గ్రంథిలోనా? ఫేతూసాకు స్కాన్ తీయించలేం కాబట్టి ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

తెలుగులో గడ్డకూ గడ్డానికీ తేడా ఒక్క సున్న. ఆ సున్న దాటడానికి వైద్యానికి రెండు వేల ఏళ్లు చాల్లేదు.

అండాశయంలో వచ్చే గ్రాన్యులోసా కణాల గడ్డను మొదట వర్ణించిన ఘనత వియన్నాలో రోకిటాన్‌స్కీకి, 1855 నాటి లెక్కన, ఇస్తారు. పేరు పెట్టింది 1914లో ఫాన్ వెర్ట్. నాకు మాత్రం వీళ్లిద్దరి నడుమ వచ్చే ఎమ్మా కాల్ మీదే ఆసక్తి. 1873లో మిషిగన్‌లో డాక్టరు పట్టా తీసుకుని పైచదువుకు వియన్నా వెళ్లిందావిడ. సిగ్మండ్ ఎక్స్‌నర్‌తో కలిసి కుందేలు అండాశయాన్ని పరిశీలించి 1875లో ఒక వ్యాసం వెలువరించింది. ఆ తర్వాత బాస్టన్ చేరి ఆడవాళ్ల ఆసుపత్రిలో పురుళ్లు పోస్తూ ఉండిపోయింది. ఆవిడ చూసింది గడ్డను కానే కాదు. అయినా ఇవాళ ఏ పాథాలజిస్టయినా స్లైడు మీద కణాలు ముగ్గులా గుండ్రంగా చేరి, మధ్యలో గులాబీ రంగు చుక్క కనబడితే ‘కాల్–ఎక్స్‌నర్ బాడీలు’ అంటారు. కేంద్రకాలకు కాఫీ గింజకున్నట్టు నిలువు గాటు కూడా ఉంటే ఇక పెద్దగా సందేహించరు.

అండాన్ని చుట్టుకుని ఈస్ట్రోజన్ తయారుచేసే కణాలు ఈ గ్రాన్యులోసా కణాలు. గడ్డ కట్టినా చేతికొచ్చిన పని మానవు. అందుకే ఆరేళ్ల పిల్లకు రొమ్ములు వస్తాయి, ముట్లుడిగిన పెద్దావిడకు మళ్లీ రక్తం కనిపిస్తుంది. గర్భసంచి లోపలి పొర మందమై, కొందరిలో అక్కడా క్యాన్సర్ మొదలవుతుంది. అండాశయంలోనే వచ్చే సెర్టోలి–లేడిగ్ గడ్డది వేరే దారి. అది ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లల్లో వస్తుంది, మగ హార్మోను వదులుతుంది. బెర్లిన్‌లో రాబర్ట్ మేయర్ దీన్ని ‘అర్రీనోబ్లాస్టోమా’ అన్నాడు. గ్రీకులో అర్రీన్ అంటే మగ. యూదుడు కావడంతో 1939లో ఆయన జర్మనీ వదిలి అమెరికా వెళ్లాల్సొచ్చింది. పేరు మాత్రం చాలాకాలం నిలబడింది. తీరా చూస్తే ఈ గడ్డ ఉన్న చాలామందికి గడ్డమే రాదు. 1958లో మోరిస్, స్కల్లీ తమ పుస్తకంలో కణాలను బట్టే పేరు పెట్టడం మంచిదైంది.

రక్తంలో హార్మోన్లను కొలిచే దారి దొరికింది రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇన్సులిన్ కోసం కనిపెట్టిన పద్ధతితో. 1977లో యాలోకి నోబెల్ వచ్చింది. టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 200 నానోగ్రాములు దాటితే గడ్డ కోసం వెతకాలన్న లెక్క ఆ తర్వాత పుట్టిందే.

ఇక్కడ మన భీమవరం మనిషి కథ కొంచెం చెప్పుకోవాలి. గర్భం వచ్చిందో లేదో చెప్పే హెచ్‌సీజీ హార్మోనునే కోరియోకార్సినోమా అనే గడ్డ కూడా గుప్పిస్తుంది. మాయ నుంచి పుట్టే ఈ జబ్బు మీద మెథోట్రెక్సేట్ అనే మందు పనిచేసిందని 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ చూపించారు. మూత్రంలో హార్మోను తగ్గుతోందా లేదా అన్నదే వాళ్లకు కొలబద్ద. లెడర్లీ లాబొరేటరీలో ఆ మందు తయారుకావడానికి మూలపురుషుడే ఆ భీమవరం మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు. 1948లోనే పోయాడు, ఇది చూడలేదు. ఇదే గడ్డ గర్భంతో నిమిత్తం లేకుండా అండాశయంలోనే పుడితే మాత్రం ఆ ఒక్క మందుకు లొంగదు.

1989లో ఇన్‌హిబిన్ అనే హార్మోను గ్రాన్యులోసా గడ్డకు గుర్తుగా పనికొస్తుందని తేలింది. 2009లో వాంకూవర్ బృందం ఇంకా లోపలికి వెళ్లింది: పెద్దవాళ్లలో వచ్చే గ్రాన్యులోసా గడ్డల్లో దాదాపు అన్నిటిలోనూ ఫాక్స్ఎల్2 జన్యువులో ఒకే చోట, ఒకే అక్షరం మారి ఉంది.

అలాంటి ల్యాబులకు దూరంగా, ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా నుంచి కోంటా వచ్చే రోడ్డు మీద ఎర్రబోరు అనే ఊరు ఉంది. దోర్లా, కోయ జనం మసిలే ప్రాంతం. అక్కడ ఒక ఆడమనిషి గొంతు మారితే ముందు తెలిసేది జన్యువుల ల్యాబుకు కాదు, మితానిన్‌కి. ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తను అలా పిలుస్తారు. ఆవిడ అడగాల్సిన ప్రశ్నకు యంత్రం అక్కర్లేదు: ఈ వెంట్రుకలు ఎప్పట్నుంచి? పెద్దమనిషి అయినప్పట్నుంచి మెల్లమెల్లగా వస్తుంటే చాలావరకు పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా. నాలుగైదు నెలల్లో ముంచుకొచ్చి, గొంతు కూడా బొంగురుపోతే భద్రాచలమో జగ్‌దల్‌పూరో బండెక్కించాలి.

గ్రాన్యులోసా గడ్డతో ఇంకో చిక్కు, అది తీసేసిన 20 ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. అప్పుడు డాక్టరు మొదట అడిగేది పాత ఆపరేషన్ కాగితం. 2006 జూలైలో ఎర్రబోరు సహాయ శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు 30 మందికి పైగా చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. చూరులో చెక్కిన కాగితం ఏదైనా ఉండుంటే, అదీ ఆ మంటల్లోనే పోయి ఉంటుంది.