మిరప ముడత – ఒక భూతద్దపు చరిత్ర

సూక్ష్మదర్శిని చరిత్ర అనగానే మన పుస్తకాలు ఇంగ్లండు వైపో, హాలండు వైపో చూస్తాయి. 1665లో రాబర్ట్ హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’లో పేను బొమ్మను మడత విప్పి చూడవలసినంత పెద్దదిగా అచ్చువేయించాడు. మరి కొన్నేళ్ళకు లీవెన్‌హుక్ నీటిబొట్టులో ప్రాణులను చూశాడు. తెలుగునేల వంతు వచ్చేసరికి, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రొనాల్డ్ రాస్ పేరు చెప్పి ముగిస్తాము. ఆ గౌరవం ఆయనకు దక్కవలసిందే. అయితే కనిగిరి వాడినైన నాకు అంతకంటే దగ్గరి కథ ఒకటి ఉన్నది. అది ఆసుపత్రిలో కాదు, మిరపతోటలో నడిచింది.

మా వైపు కంది, పొగాకుల మాట ఎక్కువే గాని, నీటి వసతి ఉన్న చోట మిరప వేయని రైతు అరుదు. ఆ రైతు మిరపాకును రెండు విధాలుగా చదువుతాడు. అంచులు పైకి లేచి ఆకు దోనెలాగా అయితే అది పైముడత. అంచులు కిందికి వంగి బోర్లించిన దోనెలాగా అయి, కాడ సాగితే అది కింది ముడత. కారణం కంటికి కనిపించకపోయినా, భేదం మాత్రం కంటికి తెలుస్తుంది. ఈ రెండు పేర్లు పెట్టిన వారెవరో గాని, గొప్ప పరిశీలకులు! భూతద్దం కింద పెట్టి చూస్తే పైముడతలో ఆరు కాళ్ళ ప్రాణి, కింది ముడతలో ఎనిమిది కాళ్ళ ప్రాణి కనిపిస్తాయి. మొదటిది తామర పురుగు, కీటకం. రెండవది నల్లి, సాలెపురుగుల బంధువర్గం. కీటకానికి కొట్టే మందులు చాలామట్టుకు నల్లిని ఏమీ చేయలేవు. పైరిత్రాయిడ్ల వంటివి నల్లి శత్రువులను చంపి దానికి మేలు చేస్తాయి కూడా. పురుగుమందుల కొట్టులో నిలబడి “ముడత వచ్చింది” అని మాత్రమే చెప్పిన రైతు చేతికి ఏ సీసా వస్తుందన్నది అప్పుడు అదృష్టం మీద ఆధారపడిన సంగతి.

ఈ తామర పురుగుకు శాస్త్రలోకంలో పేరు వచ్చినది 1919లో. దక్షిణ భారతదేశపు నమూనాల నుండి అమెరికా శాస్త్రజ్ఞుడు హుడ్ దానిని ‘స్కిర్టోథ్రిప్స్ డార్సాలిస్’ అని వర్ణించాడు. ఆ తరువాత 1935లో టి.వి. రామకృష్ణ అయ్యర్, ఎం.ఎస్. సుబ్బయ్య కలిసి మద్రాసు వ్యవసాయ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. గుంటూరు, మధుర ప్రాంతాలలో తామర పురుగుల వలన వచ్చే మిరప ఆకుముడతను గురించిన వ్యాసమది. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో కదా. రాస్ దోమకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఇద్దరి పేర్లు గుంటూరు మిరప యార్డులో ఎవరికీ తెలియవు. (ఇది ఫిర్యాదు కాదు. తామర పురుగు మనిషిని చంపదు, అప్పులను మాత్రమే పెంచుతుంది.)

నేను దీనిని చూసే పద్ధతి చాలా సాదాది. తెల్లకాగితం మీద మిరప చిగురునో, పువ్వునో రెండు మూడు సార్లు తట్టాలి. కదిలే చిన్న గీతల వంటివి రాలుతాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరు పొడవు. పదింతలు పెంచే అద్దం చాలు. ఫోనుకు తగిలించే చిన్న కటకంతో ఫొటో తీయాలంటే మాత్రం ఓర్పు కావాలి. ఊపిరి వదిలితే కాగితం కదులుతుంది, పురుగు స్పష్టత నుండి జారిపోతుంది. ఇరవై ఫొటోలలో ఒకటి నిలిస్తే ఆ రోజు మంచి రోజు. అప్పుడు కనిపిస్తాయి దాని రెక్కలు: సన్నని పుల్ల వంటి రెక్కకు ఇరువైపులా కుచ్చులాగా వెంట్రుకలు. కనిపించనిది దాని నోరు. అందులో ఎడమవైపు కోర ఒక్కటే పెరుగుతుంది, కుడిది ఉండదు. ఆ ఒంటికోరతో ఆకు కణాన్ని పొడిచి రసం పీలుస్తుంది. పీల్చిన కణాలు ఎండుతాయి, వాటి చుట్టూ పెరిగే లేత ఆకు ముడుచుకుంటుంది. ముడత అంటే ఇంతే.

విచిత్రమేమంటే, మిరప మన మొక్క కాదు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల మీద అమెరికా ఖండం నుండి వచ్చింది. పురుగేమో ఈ దక్షిణాసియాది. మిరప రాక ముందు ఇక్కడి మొక్కల మీద బతికి, పరదేశపు పైరును రుచి మరిగింది. 2005 నాటికి ఫ్లోరిడాలో స్థిరపడి, అక్కడి గులాబీలను పాడుచేస్తూ కూడా ‘మిరప తామర పురుగు’ అన్న పేరుతోనే పిలిపించుకుంటున్నది.

పత్తి చేలలో ఇంతకంటే చేదు అనుభవం. 1980లలో కాయతొలుచు పురుగుల కోసం పైరిత్రాయిడ్ మందులు విరివిగా వాడారు. పురుగు సంగతి అటుంచి, 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ విజృంభించింది. దాని పిల్లలు ఆకు అడుగున పొలుసుల్లాగా అతుక్కొని కదలకుండా ఉంటాయి; పైనుండి చూసేవానికి ఆకు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అవి విసర్జించే తేనెబంక మీద మసి పట్టి, దూది నల్లబడేవరకు ఎందరికో విషయం తెలియలేదు. 1987లో ఈ ప్రాంతపు పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. ఆకును తిప్పి చూడడమన్నది అప్పటి నుండి మా వైపు పెద్దల నోట వినిపించే మాట.

ఇక 2021. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్లు ప్రాంతాల మిరపతోటలలో పూలు రాలడం మొదలయింది. రైతులు తామర పురుగుకు వాడే మందులే కొట్టారు, తగ్గలేదు. తోటలు పీకివేసినవారు, దున్నివేసినవారు ఉన్నారు. పూలను తట్టి చూస్తే రాలినవి గడ్డిరంగు పురుగులు కావు, నల్లనివి. ఆగ్నేయాసియాకు చెందిన ‘థ్రిప్స్ పార్విస్పైనస్’ అది. 2015లో బెంగళూరు బొప్పాయి మీద మన దేశంలో తొలిసారిగా నమోదయింది. పాతది చిగురును పట్టుకుంటే, ఇది పువ్వులో గుంపులుగా చేరుతుంది.

అయితే రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. ఈ జాతిలో ఆడవి నల్లగా ఉంటే మగవి పసుపుగా ఉంటాయి; పసుపు పురుగు కనబడగానే పాతదే అనుకోవడానికి వీలులేదు. తేల్చడానికి పురుగు లోపలి మెత్తని భాగాన్ని క్షారంతో కరిగించి, మిగిలిన తోలును గాజుపలక మీద పరచి, పెద్ద సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. పాతదాని మీసానికి ఎనిమిది కణుపులు, కొత్తదానికి ఏడు. కొత్తదాని పొట్ట ఎనిమిదవ ఖండం వెనుక అంచున, కొన్ని దగ్గరి జాతులకు ఉండే వెంట్రుకల దువ్వెన ఉండదు. ఒక ఊరి మిరప కాపు గతి, లేని ఒక దువ్వెన మీద నిలిచింది.