గృహలక్ష్మి పథకం (కర్ణాటక)

కుటుంబ యజమానురాలి బ్యాంకు ఖాతాలో నెలకు రూ.2,000 జమచేసే కర్ణాటక ప్రభుత్వ పథకం. 2023 శాసనసభ ఎన్నికల ముందు కాంగ్రెస్ ప్రకటించిన ఐదు గ్యారంటీల్లో ఖర్చు రీత్యా ఇదే పెద్దది. 2024-25 బడ్జెట్‌లో దీనికి రూ.28,608 కోట్లు కేటాయించారు. తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు కోలారు, చిక్కబళ్ళాపురం, బళ్ళారి జిల్లాల్లోనూ, పావగడ తాలూకాలోనూ ఎక్కువ కాబట్టి తెలుగు పాఠకులకు ఇది పొరుగు రాష్ట్రపు ముచ్చట మాత్రమే కాదు.

ఆరంభ తేదీని ఒక్కో చోట ఒక్కో విధంగా రాస్తున్నారు. బెంగళూరు సభలో హామీ ఇచ్చింది 2023 జనవరి 16న. దరఖాస్తులు మొదలైంది జూలై 19న. మైసూరులో లాంఛనంగా ప్రారంభించింది ఆగస్టు 30న. డబ్బు ఇంటికి చేరడాన్నే ఆరంభంగా లెక్కపెట్టాలనుకుంటే మూడో తేదీని తీసుకోవడం సబబు.

రేషన్ కార్డులో యజమానురాలిగా పేరున్న మహిళకే సాయం అందుతుంది. ఇంట్లో ఎందరు ఆడవాళ్లున్నా ఒకరికే. ఆమె గానీ భర్త గానీ ఆదాయపు పన్ను లేదా జీఎస్టీ కట్టేవారైతే వర్తించదు. అత్తకా కోడలికా అన్న తగవు తొలి రోజుల్లోనే బయటికొచ్చింది. అత్తే యజమానురాలని మహిళా శిశు సంక్షేమ మంత్రి లక్ష్మీ హెబ్బాళ్కర్ చెప్పారు. ఉమ్మడి కుటుంబంలో కోడలి చేతికి ఈ డబ్బు వస్తుందా రాదా అన్నది కార్డులో పేర్ల వరసను బట్టి తేలిపోతుంది. ఆధార్ ఖాతాతో అనుసంధానం కాకపోయినా, కార్డులో పేరు ఒకలా ఖాతాలో ఇంకోలా ఉన్నా విడత ఆగిపోతుంది. అలాంటప్పుడు కూలి మానుకుని ప్రభుత్వ సేవలందించే గ్రామ వన్ కేంద్రానికో బ్యాంకుకో తిరగాల్సి వస్తుంది.

ఇంటి జమాఖర్చులో ఈ సొమ్ము పాత్ర రెండు రకాలు. నెలనెలా వస్తే గ్యాసు, మందులు, పిల్లల ఫీజు, సంఘం కంతు వంటి తప్పని ఖర్చుల్లో కరిగిపోతుంది. కూడబెట్టగలిగినచోట పెట్టుబడి అవుతుంది. గదగ్ జిల్లాలో ఒక అత్తాకోడళ్లు దాచుకున్న గృహలక్ష్మి డబ్బుకు మరికొంత కలిపి పొలంలో బోరు వేయించారని, నీళ్లు కూడా పడ్డాయని 2024లో పత్రికలు రాశాయి. బెళగావి జిల్లాలో ఒక వృద్ధురాలు అదే డబ్బుతో ఊరందరికీ బొబ్బట్ల భోజనం పెట్టింది. దీన్ని దుబారా అనేవాళ్లున్నారు. కానీ ఎప్పుడూ పుచ్చుకునే వరసలో నిలబడిన మనిషి ఊరికి తాను పెట్టగలగడం చిన్న మార్పేమీ కాదు.

2023 జూన్ 11న వచ్చిన శక్తి పథకాన్ని దీనితో కలిపి చూడాలి. రాష్ట్రం లోపల సాధారణ ప్రభుత్వ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. బెంగళూరులో గాజులకు పేరుపడ్డ బళేపేట, దాని పక్క టోకు బజార్లు మెజెస్టిక్ బస్టాండు నుంచి నడిచేంత దూరంలోనే ఉన్నాయి. చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి వైపు నుంచి వచ్చి గాజులో పిన్నులో కొని ఊళ్లో అమ్ముకోదలచిన మనిషికి దారి ఖర్చు లేదు, సరుకుకు రెండు వేలున్నాయి. ఒక్కో పథకాన్ని విడివిడిగా తూచే వ్యాసాల్లో ఈ జోడింపు కనబడదు.

నగదా, సరుకా అన్న పాత వాదానికి కర్ణాటక ఉచిత బియ్యం పథకం అన్నభాగ్యలో దగ్గరి ఉదాహరణ ఉంది. అదనపు బియ్యం కేంద్రం నుంచి దొరకక 2023 జూలై నుంచి మనిషికి 5 కిలోల బదులు కిలోకు రూ.34 లెక్కన రూ.170 జమచేశారు. నలుగురున్న ఇంటికి రూ.680. అంగట్లో బియ్యం అంతకంటే ప్రియం కావడంతో ఆ డబ్బుకు అన్ని కిలోలు రాలేదు. 2025లో మళ్లీ బియ్యమే ఇవ్వడం మొదలుపెట్టారు. ధరలు పెరిగినా నగదు మొత్తం కదలదు. గృహలక్ష్మికీ ఈ బలహీనత ఉంది.

పోల్చి చూడదగ్గ మరో నగదు పథకం, తెలంగాణ రైతుబంధు (2018 మే 10, హుజూరాబాద్), ఎకరానికి పంటకు రూ.4,000తో మొదలై తర్వాత రూ.5,000 అయింది. విత్తనాల వేళకు చేతికందడం దాని బలంగా ఉండేది. పట్టాదారుకే దక్కడం వల్ల కౌలురైతు, కూలీ బయట ఉండిపోయారు. గృహలక్ష్మికి భూమితో పనిలేదు. సెంటు నేల లేని ఇంటికీ అదే రెండు వేలు. పేదరికం కొలతగా చూస్తే ఈ పద్ధతే మేలు.

డబ్బు చేతికిస్తే తాగుడుకు పోతుందన్న అనుమానం పాతది. వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన ఎవన్స్, పొపోవా 2014లోనే దానికి ఆధారం లేదని తేల్చారు. అంతకుముందు మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవా’ (SEWA) మహిళా సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో, షరతుల్లేని నగదు ఇచ్చి చూసిన ప్రయోగంలోనూ తిండి, చదువు, పశువుల మీద ఖర్చే పెరిగింది.

పథకం మీద గట్టి ఫిర్యాదు ఆలస్యం గురించే. కొన్ని నెలల విడతలు ఆగి, తర్వాత ఒకేసారి పడ్డాయి. వారం వారం కంతు కట్టాల్సిన ఇంటికి, ఏ తేదీన పడుతుందో తెలియని రూ.4,000 కంటే ఒకటో తారీఖున తప్పక పడే రూ.2,000 ఎక్కువ పనికొస్తుంది. ఆ నమ్మకం లేనిచోట మళ్లీ మైక్రోఫైనాన్స్ అప్పే గతి. వసూలు వేధింపులు శ్రుతిమించడంతో 2025 ఫిబ్రవరిలో రాష్ట్రం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.