క్రియాశీల గెలాక్సీలు: ధూళి, చూపుకోణం

తెలంగాణలోని హసన్‌పర్తి సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఎన్‌జీసీ 1068 గెలాక్సీ దాదాపు ఖగోళ మధ్యరేఖ మీదే ఉన్నందున, కార్తీకమాసపు అర్ధరాత్రి ఈ ఊరి చెరువు గట్టున నిలబడితే అది దక్షిణాన 72 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చిన్న టెలిస్కోపులో మసక మచ్చే. కానీ క్రియాశీల గెలాక్సీల కాంతిని ధూళి, చూపుకోణం ఎలా మారుస్తాయో తేల్చింది ఆ మచ్చే.

ఇలాంటి గెలాక్సీ నడుమ భారీ బ్లాక్‌హోల్ ఉంటుంది. అందులోకి జారే వాయువు కాగి వెలుగుతుంది. 1943లో కార్ల్ సీఫర్ట్ ఇలాంటి ఆరు గెలాక్సీల వర్ణపటాలను వివరించాడు. 1974లో ఖచీకియాన్, వీడ్‌మన్ వీటిని రెండు రకాలుగా విడదీశారు. మొదటి రకంలో, సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో కదిలే వాయువు వల్ల ఏర్పడే వెడల్పాటి రేఖలు కనిపిస్తాయి. రెండో రకంలో ఇరుకు రేఖలే. ఎన్‌జీసీ 1068 రెండో రకం.

1985లో ఆంటొనూచి, మిల్లర్ దాని కాంతిలో ధ్రువణం చెందిన, అంటే ఒకే దిశలో కంపించే, భాగాన్ని మాత్రమే వేరుచేసి చూశారు. లేవనుకున్న వెడల్పాటి రేఖలు అందులో బయటపడ్డాయి! వడ్లు పోసే గుమ్మిలో దీపం పెట్టామనుకుందాం. పైనుంచి వంగి చూస్తే దీపం కనిపిస్తుంది, పక్కన నిలబడితే గుమ్మి గోడే కనిపిస్తుంది. అయితే పైకి లేచిన పొగ మీద పడిన వెలుగు పక్కనున్నవాడికీ చేరుతుంది. ఇక్కడ గుమ్మి గోడ ధూళి వలయం, పొగ వలయం పైనున్న ఎలక్ట్రాన్లు. వాటిని తాకి చెదిరిన కాంతి ధ్రువణం చెందుతుంది. అంటే ఎన్‌జీసీ 1068 మనకు పక్కనుంచి కనిపిస్తున్న మొదటి రకమే.

ధూళి మింగిన అతినీలలోహిత, దృశ్య కాంతి ఊరికే పోదు. ధూళిని వేడెక్కించి పరారుణ కిరణాలుగా బయటికొస్తుంది. కేంద్రానికి మరీ దగ్గరైతే ధూళి ఆవిరైపోతుంది, అందుకే వలయం నడుమ ఖాళీ. చిలీలోని టెలిస్కోపులను జోడించి తీసిన పరారుణ చిత్రాలు 2022లో ఎన్‌జీసీ 1068 కేంద్రాన్ని కప్పిన ధూళిని చూపాయి.

కోణం ఒక్కటే అన్నిటికీ జవాబు కాదు. మార్కేరియన్ 1018 అనే గెలాక్సీ కొన్ని దశాబ్దాల్లోనే ఒక రకం నుంచి మరో రకానికి మారి, మళ్లీ వెనక్కి వచ్చింది. గెలాక్సీ అంత త్వరగా మనవైపు తిరగదు కదా. బ్లాక్‌హోల్‌కు అందే మేత తగ్గినా ఈ మార్పు వస్తుంది.

తెలుగునేల నుంచీ ఈ పరిశోధనకు పరికరాలు వెళ్లాయి. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అతినీలలోహిత, ఎక్స్‌రే కాంతులను ఒకేసారి చూస్తుంది. 2024 జనవరి 1న అక్కడి నుంచే వెళ్లిన ఎక్స్‌పోశాట్ పని ఎక్స్‌రేల ధ్రువణాన్ని కొలవడం.